ఏజీనా పిస్తా తోటలో అమ్మ

గురువారం

మూడు నెలలు నా దగ్గర ఉందామని మ్యూనిక్ వచ్చిన అమ్మ, పలాస నుంచి రెండు కిలోల జీడిపప్పు తెచ్చింది. అంతా గుండే, ఒక్క బద్ద లేదు. ఏథెన్స్ విమానానికి బయల్దేరే ముందు అందులోంచి అరకిలో విడిగా మూట కట్టి చేతిసంచిలో పెట్టుకుంది. "పరాయి ఊరు ఎల్తన్నాం. ఎవులికైనా పెట్టడానికి సేతిలో ఏదో ఒకటి ఉండాల కదరా" అంది.

ఈ ప్రయాణం నా కోరిక. మ్యూనిక్‌లో గ్లిప్టోథెక్ అని పాత గ్రీకు, రోమన్ శిల్పాల మ్యూజియం ఉంది. ఆదివారం ఒక్క యూరో ఇస్తే లోపలికి పంపిస్తారు. వచ్చిన కొత్తలో స్నేహితులు లేక, చలికాలం ఆదివారాలు అక్కడే గడిపేవాణ్ణి. అక్కడ రెండు గదుల నిండా ఏజీనా అనే చిన్న గ్రీకు దీవి నుంచి వచ్చిన పాలరాతి యోధులు ఉన్నారు. ఒకడు బాణం ఎక్కుపెడుతుంటాడు, ఇంకొకడు నేలకొరుగుతుంటాడు. వాళ్లు ఒకప్పుడు నిలబడ్డ గుడిని ఎప్పటికైనా చూడాలని ఆరేళ్లుగా అనుకుంటున్నాను. ఏథెన్స్ నుంచి ఒక్కరోజులో హైడ్రా, పోరోస్, ఏజీనా చూపించి సాయంత్రానికి తీసుకొచ్చే ఓడలు ఉన్నాయని తెలిసింది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఇదే సుఖమనిపించి రెండు టికెట్లు తీసుకున్నాను.

సాయంత్రం ఏథెన్స్ నడిబొడ్డున సింటాగ్మా కూడలి దగ్గర ట్రామెక్కి సముద్రపు ఒడ్డున ఫ్లిస్వోస్ వెళ్లాం. రేపు ఓడ బయల్దేరేది అక్కణ్ణుంచే, దారి తెలుసుకుందామని. అక్కడ బూడిదరంగు పాత యుద్ధనౌక ఒకటి శాశ్వతంగా కట్టేసి ఉంది. పేరు అవేరోఫ్. 1910లో ఇటలీలోని లివోర్నోలో నీళ్లలోకి దించారు. 1912, 1913లో తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యపు నౌకాదళం మీద గ్రీసు గెలిచింది ఈ ఓడతోనే. రెండో ప్రపంచ యుద్ధంలో గ్రీసు జర్మన్ల చేతిలో పడ్డాక తప్పించుకుని అలెగ్జాండ్రియా చేరింది, ఆ తర్వాత బొంబాయి రేవులో ఉంటూ హిందూ మహాసముద్రంలో సరుకు ఓడలకు కాపలా కాసింది. 1944లో ప్రవాసంలో ఉన్న ప్రభుత్వాన్ని తిరిగి స్వదేశానికి చేర్చింది కూడా ఇదే.

"ఓలమ్మో, మన బొంబాయొచ్చిందా!" అని అమ్మ ఆగి మళ్లీ ఓసారి తేరిపార చూసింది. అంతవరకూ ఆమెకది ఒక ఇనపగోడ. ఆ మాటతో చుట్టాల ఓడైపోయింది. 1912లో దాన్ని నడిపిన అడ్మిరల్ పావ్లోస్ కుందూరియోటిస్ హైడ్రా దీవిలో పుట్టినవాడు, తర్వాత గ్రీసుకు అధ్యక్షుడయ్యాడు. రేపు మనం మొదట దిగేది ఆయన ఊళ్లోనే అని చెప్పాను.

శుక్రవారం

పొద్దున్న ఎనిమిదికి ఓడ కదిలింది. మూడంతస్తులు, వందలమంది. మైకులో అదే విషయాన్ని ఐదారు భాషల్లో చెప్తున్నారు. పైఅంతస్తులో గాలి బాగుందని అక్కడే కూర్చున్నాం.

అమ్మ పుట్టింది వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం పక్కనే. కాసేపు నీళ్లకేసి చూసి, "దీనికి అలలేవిరా? సెరువునాగుంది" అంది. నిజమే. మధ్యధరా సముద్రం చుట్టూ నేల కమ్ముకుని ఉంది. అట్లాంటిక్‌తో కలిసేది జిబ్రాల్టర్ దగ్గర సన్నటి సందులోనే. అందుకే ఆటుపోట్లు దాదాపు తెలియవు. మన బంగాళాఖాతం ఒడ్డున తెప్ప దాటించడానికి ఎన్ని అలలు లెక్కపెట్టాలో ఎరిగిన మనిషికి, ఇంటి మెట్ల అంచుకే పడవ కట్టేసుకునే ఈ సముద్రం వింతగానే ఉంటుంది.

హైడ్రా చేరడానికి మూడు గంటలు పట్టింది. ఓడ మలుపు తిరిగేదాకా రాతికొండ తప్ప ఇంకేమీ కనబడదు. తిరగ్గానే గిన్నెలాంటి రేవు, దాని చుట్టూ మెట్లు మెట్లుగా పైకెక్కిన తెల్లని, బూడిదరంగు ఇళ్లు ఒక్కసారిగా ఎదురొచ్చాయి. రేవు రెండు కొసల్లోనూ పాత ఫిరంగులు. ఒడ్డున కంచర గాడిదల వరుస.

ఈ దీవిలో కార్లు, మోటారు సైకిళ్లు లేవు. చెత్త బండిలాంటి ఒకటి రెండు తప్ప, ఇంటికి ఏం కావాలన్నా కంచర గాడిద మీదే ఎక్కాలి. మా ముందే ఒకదాని చెక్క జీనుకు అటు మూడు, ఇటు మూడు నీళ్ల సీసాల కట్టలు కట్టి, నడుమ ఒక సిమెంటు బస్తా వేశారు. మెట్ల దారి మొదట్లో అది ఒక్క క్షణం ఆగింది. ముందు కాలు మోపి, రాయి జారదని తేల్చుకున్నాకే రెండో కాలు ఎత్తింది. ఆ మెట్ల అంచులు శతాబ్దాల డెక్కలకు నున్నగా అరిగి, ఎండలో సబ్బు బిళ్లల్లా మెరుస్తున్నాయి.

అమ్మ ఆ సీసాలకేసి చూస్తూ, "ఈల్లకి నీల్లెక్కడివి?" అని అడిగింది.

ఎక్కడికెళ్లినా అమ్మ మొదటి ప్రశ్న అదే. మాది ఉద్దానం. కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు మా ఊళ్లను పట్టి పీడించింది. నాన్న అలాగే పోయారు. ఊళ్లో నీళ్లనే అనుమానిస్తూ బతికాం. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు వచ్చిన రోజున అమ్మ నాకు వీడియో కాల్ చేసి కొళాయి చూపించింది.

హైడ్రా అనే పేరులోనే నీళ్లున్నాయి. ఒకప్పుడు ఊటలుండేవని ప్రాచీనులు ఆ పేరు పెట్టారు. తర్వాత ఊటలు ఎండిపోయాయి. పాత ఇళ్ల కింద వాననీటి తొట్లు కట్టుకున్నారు. అవీ చాలక చాలాకాలం ఓడల్లో నీళ్లు తెప్పించుకున్నారు. ఇప్పుడు సముద్రపు నీటిలో ఉప్పు తీసి వాడుతున్నారు. వ్యవసాయం సాగని రాతినేల కాబట్టే వీళ్లు ఓడలు కట్టారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లీషు నౌకల దిగ్బంధాన్ని తప్పించుకుంటూ ధాన్యం చేరవేసి బాగా సంపాదించారు. రేవు మీద కనబడే పెద్ద పెద్ద రాతి మేడలు ఆ కెప్టెన్లవే. 1821లో ఒట్టోమన్ల మీద తిరుగుబాటు మొదలైనప్పుడు ఆ ఓడల్నే యుద్ధానికిచ్చారు. అప్పటి నౌకాదళ నాయకుడు ఆంద్రేయాస్ మియావులిస్ గుండెను వెండి పాత్రలో ఇక్కడి మ్యూజియంలో దాచారు. ఇదంతా చెప్తుంటే అమ్మ శ్రద్ధగా విన్నది. "నీల్లు లేకపోతే మనోల్లు రంగూనెల్లారు, ఈల్లు సముద్రమెక్కారు" అంది. అంత పొందిగ్గా నేను చెప్పలేకపోయాను.

గంటన్నర అయ్యేసరికి ఓడ కూత వేసింది. ఇంకొక్క వీధి ఎక్కుదామని ఉంది, వీల్లేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత పోరోస్. ఒడ్డుకూ దీవికీ మధ్య నీటి దారి ఎంత సన్నమంటే, అటువైపు గలాటాస్ ఊళ్లో ఆరేసిన బట్టలు కూడా కనబడతాయి. పోరోస్ అంటేనే దారి అని అర్థం. అమ్మ రేవులో నీడన కూర్చుంటే నేను ఒక్కణ్ణే గడియార స్తంభం దాకా ఎక్కాను. ఎర్ర పెంకుల కప్పుల మీదుగా చూస్తే నీటి దారి ఈ చివర నుంచి ఆ చివరి దాకా కనబడింది. 1831లో మియావులిస్ ప్రభుత్వంతో విభేదించి, తన దేశపు నౌకాదళంలోకెల్లా పెద్ద ఓడ హెల్లాస్‌ను తగలబెట్టించింది ఇక్కడే. తన దేశం కోసం పోరాడిన మనిషి ఆ పని ఎలా చేయగలిగాడో అని కాసేపు నిలబడిపోయాను. దీవికి అవతల కొండమీద పొసైడన్ గుడి శిథిలాలున్నాయి. క్రీస్తుపూర్వం 322లో వక్త డెమొస్తనీస్ మాసిడోనియన్లకు చిక్కకూడదని విషం మింగింది ఆ గుడిలోనే. ఇక్కడ ఓడ ఆగింది గంటే. అక్కడిదాకా పోయే వ్యవధి లేదు.

ఏజీనా చేరేసరికి ఎండ వాలింది. ఆ యోధులు నిలబడ్డ అఫాయా గుడికి విడిగా టికెట్టు తీసుకుంటే బస్సులో తీసుకెళ్తారు. లెక్క వేస్తే గుడి దగ్గర ఉండనిచ్చేది అరగంట. ఆరేళ్లుగా అనుకుంటున్నది అరగంటలో ముగించడానికి నాకు మనసొప్పలేదు. పైగా అమ్మ బాగా అలిసిపోయింది. ఇద్దరం రేవులోనే ఉండిపోయాం.

రేవు పొడుగునా పిస్తా బళ్లు. ఈ దీవి పిస్తాకు యూరోప్‌లో పెద్ద పేరు, ఏజీనా పేరు మీదే చట్టపరమైన రక్షణ కూడా ఉంది. ఒక బండి దగ్గర అబ్బాయి రుచి చూడమని నాలుగు గింజలిచ్చాడు. నేను నోట్లో వేసుకున్నాను. అమ్మ వేసుకోలేదు. ఒకదాన్ని తిప్పి తిప్పి చూసి, గోటితో పెంకు విప్పి, పప్పు మీది ఊదారంగు పొరను బొటనవేలితో రుద్ది చూసింది. పాతికేళ్లు కాశీబుగ్గ జీడి బట్టీల్లో పప్పు పొట్టు తీసిన వేళ్లవి. జీడి సొన తగిలిన చోట్ల ఇప్పటికీ నల్లమచ్చలున్నాయి.

"ఇది సెట్టుమీదే ఇచ్చుకుంతాదా? మనుసులు పగలగొడతారా?" అని అడగమంది. చెట్టు మీదే విచ్చుకుంటుందని ఆ అబ్బాయి చెప్పి, ఊరి వెనక్కి చెయ్యి చూపించాడు, తోటలన్నీ అటేనని. ఇప్పుడు కోతలు కూడా జరుగుతున్నాయట. ఓడ కూత వినబడింది.

తిరుగు ప్రయాణంలో పాటలు, డాన్సులు పెట్టారు. అమ్మ ఏజీనా వైపే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "రేపు మల్లీ రావొచ్చేటిరా?" అంది. రేపు ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కొండ ఎక్కాలని టికెట్లు కొని ఉంచాను. రావొచ్చమ్మా అన్నాను.

శనివారం

పిరేయస్ రేవులో ఎనిమిదో గేటు నుంచి ఏజీనాకి మామూలు ఫెర్రీలు పోతుంటాయి. కార్లు, లారీలు, కూరగాయల సంచులు, ఇంటికెళ్లే పిల్లలు, అందరూ ఎక్కే ఓడ. గంటా పావులో దింపింది. మైకు లేదు, ఎవరి గొడవ వాళ్లది. ఎవరైనా అడిగితే నేను ఈ ఓడే ఎక్కమంటాను. మూడు దీవుల ఓడ ఏ దీవి మనదో తేల్చుకోవడానికి పనికొస్తుంది. దాన్ని చూడాలంటే మర్నాడు మళ్లీ రావాలి.

రేవు పక్కనే బస్సు స్టాండు. అగియా మరీనా వెళ్లే బస్సు దారిలోనే ముందు సెయింట్ నెక్టారియోస్ పెద్ద చర్చి, తర్వాత అఫాయా గుడి వస్తాయి. నెక్టారియోస్ 1920లో పోయారు, 1961లో పుణ్యపురుషుడిగా ప్రకటించారు. బస్సులో సగం మంది అక్కడే దిగారు, ముసలివాళ్లు, జబ్బు మనుషులు. అమ్మ కిటికీలోంచే దణ్ణం పెట్టింది.

గుడి పైన్ చెట్ల నడుమ కొండమీద ఉంది. క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో కట్టారు. ముందు ఆరు, పక్కన పన్నెండు స్తంభాల చొప్పున, మూలవి రెండు వైపులా లెక్కకొస్తాయి కాబట్టి చుట్టూ 32 ఉండేవి. ఎక్కువ భాగం ఇంకా నిలబడే ఉన్నాయి. దగ్గర్లో దొరికిన గరుకు సున్నపురాయితో కట్టి పైన సున్నం పూశారు. ఆ పూత పోయింది. ఇప్పుడు రాయి తేనెరంగులో, చిల్లులు చిల్లులుగా, మన పుట్టమన్నులా కనబడుతుంది. చుట్టూ తాడు కట్టారు, లోపలికి పోనివ్వరు. అటు చూస్తే సముద్రం దాటి ఏథెన్స్ కూడా మసగ్గా కనబడుతోంది.

నేను స్తంభాల పైన, కప్పు కింద ముక్కోణపు నుదురు ఉండాల్సిన చోటు వైపు చూశాను. అక్కడ ఆకాశమే ఉంది. ఆ నుదుట్లో నిలబడ్డ యోధులు 1811లో ఈ స్తంభాల చుట్టూ మట్టిలో దొరికారు. తవ్వినవాళ్లు కాకరెల్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు, హాలర్ అనే జర్మన్, వాళ్ల నేస్తాలు. అప్పుడు ఇక్కడ ఏలుబడి ఒట్టోమన్లది. శిల్పాల్ని దీవి దాటించి, మరుసటి ఏడు వేలం పెట్టారు. భద్రం కోసం సరుకును మాల్టాకి చేర్చి, వేలం మాత్రం జాంటే దీవిలో జరిపారు. బ్రిటిష్ మ్యూజియం మనిషి మాల్టా వెళ్లి కూర్చున్నాడు. జాంటేలో బవేరియా (మ్యూనిక్ ఉన్నది అక్కడే) యువరాజు లుడ్విగ్ తరఫు మనిషి కొనేశాడు. లుడ్విగ్ తన శిల్పాల కోసం కట్టించిన భవనమే నేను ఆదివారాలు కూర్చునే మ్యూజియం. ఆ లుడ్విగ్ కొడుకు ఒట్టోనే తర్వాత గ్రీసుకు మొదటి రాజయ్యాడు. ఈ కథ నాకు ఎప్పట్నుంచో తెలుసు. కానీ ఖాళీగా ఉన్న ఆ చోటు కింద నిలబడ్డాక గొంతులో ఏదో అడ్డం పడింది. వాళ్లను నేను ఆరేళ్లు చూశాను. వాళ్లు ఏ వైపు చూసేవాళ్లో ఈ రోజే తెలిసింది.

"ఏ అమ్మోరిదిరా ఈ గుడి?" అంది అమ్మ. అఫాయా. క్రీటు నుంచి రాజు తరుముతుంటే సముద్రంలో దూకి, జాలర్ల వలలో పడి, ఈ దీవికొచ్చి ఈ అడవిలోనే మాయమైపోయిన పిల్ల అని చెప్పుకుంటారు. అఫాయా అంటే కనబడనిది. వేరే ఎక్కడా పెద్దగా పూజలు లేని దేవత, ఈ దీవికే ఇలవేల్పు. "గ్రామదేవతే కదా మరి" అని అమ్మ తాడు ఇవతలే చెప్పులు విప్పి నిలబడింది.

ఊళ్లోకి తిరిగొచ్చి తోటల వైపు నడిచాం. రాతి గోడల వెంట కాస్త దూరం పోగానే కర్రల చప్పుడు వినబడింది. ఒక చెట్టు కింద పెద్ద గుడ్డ పరిచి, ఇద్దరు ముసలి దంపతులు, ఒక కుర్రాడు కొమ్మల్ని సన్నటి కర్రలతో కొడుతున్నారు. గుత్తులు గుత్తులుగా గులాబీరంగు కాయలు రాలుతున్నాయి. అమ్మ గోడ దగ్గర ఆగిపోయింది. ఆ పెద్దావిడ చూసి, ఏదో అని చెయ్యూపింది. అమ్మ నా వైపు చూడకుండానే లోపలికి నడిచింది.

ఆవిడ ఒక కాయ అమ్మ చేతిలో పెట్టింది. ద్రాక్ష గింజంత ఉంటుంది. పైతోలు మెత్తగా, ఒక బుగ్గ ఎర్రగా. అమ్మ బొటనవేలితో నొక్కితే తోలు జారిపోయి, లోపల ఎముకరంగు పెంకు, అప్పటికే నోరు తెరిచి, బయటపడింది. వేలికి జిగురంటింది. వేలు వాసన చూసి, అమ్మ కళ్లు పెద్దవి చేసింది. వంగి ఒక ఆకు తుంపి నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.

"సూడు. మామిడాకు వాసనొస్తంది. ఇది మన జీడికి సుట్టమేరా."

నేను ఫోనులో వెతికాను. మామిడి, జీడి, పిస్తా, మూడూ ఒకే కుటుంబం చెట్లు. అమ్మకి ఆ సంగతి ఫోను అవసరం లేకుండా తెలిసింది.

ఆ కుర్రాడికి కాస్త ఇంగ్లీషు వచ్చు. మగచెట్లు, ఆడచెట్లు విడివిడి. కాసేది ఆడచెట్టే, పుప్పొడి మోసేది గాలి. అందుకే తోటలో అక్కడొకటి అక్కడొకటి మగచెట్టు నాటతారు. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు తగ్గుతుంది. రాలిన కాయల తోలు వెంటనే తీసెయ్యాలి, ఆలస్యమైతే పెంకు మచ్చలు పడుతుంది. తర్వాత నీళ్లలో వేస్తే తాలుకాయలు తేలతాయి, గట్టివి మునుగుతాయి. మునిగినవాటిని సిమెంటు కళ్లంలో ఎండబెడతారు. ఇక్కడ కూడా నీళ్ల బాధే, బావులు ఉప్పెక్కుతున్నాయని ముసలాయన చెప్పించాడు. ఆ మాట అనువదించక్కర్లేదు. ఆయన బావి వైపు చూపించి మొహం చిట్లించగానే అమ్మ తలూపింది.

గంటకు పైగా అమ్మ ఆ గుడ్డ మీద కూర్చుని విచ్చుకున్నవి ఒక పక్కకి, విచ్చుకోనివి ఒక పక్కకి ఏరింది. కూలీ పనిలో ఉన్న లయ అది, రెండు చేతులూ ఒకేసారి. పెద్దావిడ ఆ వేళ్లకేసి చూసి, నల్లమచ్చల మీద తన వేలు పెట్టి, ఏమిటని సైగ చేసింది. అమ్మ చేతిసంచిలోంచి మూట తీసి విప్పింది. "అప్పా, ఇదిగో. దీని సొనకే ఇలగైపోయినాయి" అని దోసిట్లో జీడిపప్పు పోసింది. ఆవిడ గ్రీకులో, అమ్మ తెలుగులో మాట్లాడుకున్నారు. మధ్యలో నన్నెవరూ పిలవలేదు.

వెళ్లేటప్పుడు ఆవిడ కాగితం సంచి నిండా పచ్చి పిస్తా ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు.

సాయంత్రం ఫెర్రీలో అమ్మ తిత్లీ మాటెత్తింది. 2018 అక్టోబరులో ఆ తుఫాను మా జీడిచెట్లన్నీ ఒక్క రాత్రిలో పడగొట్టింది. ఇన్నేళ్లలో దాని గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఏ చెట్టు ఎటు పడిందో, ఏది నాన్న నాటిందో, వరుసగా చెప్పింది. పిరేయస్ దీపాలు కనబడేదాకా చెప్తూనే ఉంది.

ఆదివారం

తెల్లవారుజాము విమానంలో మ్యూనిక్. ఇంట్లో సామాను పడేసి, మధ్యాహ్నానికి అమ్మను గ్లిప్టోథెక్ తీసుకెళ్లాను. ఇద్దరికీ రెండు యూరోలు.

పడమటి నుదురులో చివరనుండే యోధుడి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఛాతీలో దిగిన బాణాన్ని లాగుతూ నేలకొరుగుతుంటాడు, పెదాల మీద మాత్రం చిన్న నవ్వు. ఆ కాలపు శిల్పులు మొహాలన్నీ అలాగే చెక్కేవారు.

"నిన్నటి గుడిలోవోడే?"

"ఆ గుడివాడే అమ్మా."

అమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఇంకా పోనేదురా" అని నాకూ చెయ్యి చాచింది.